ముప్పై రెండో పేజీలో ఎర్రమ్మ

వినోద్‌కుమార్ మాస్టారు పాఠం చెబితే రాజులు కళ్లముందు నడుస్తారని మలేసియాలోని మా తెలుక్ ఇంటాన్‌లో నాకో పేరుంది. ఆ పొగడ్తే నా కొంప ముంచింది. రిటైరయ్యాక కూడా ఇంట్లో ట్యూషన్ పెట్టి ఆఫ్రికా సామ్రాజ్యాలు చెబుతున్నాను. సుండియాటా లేచాడు, మాలి నిలబడింది. మాన్సా మూసా బంగారం మోయించుకుంటూ మక్కా వెళ్లాడు, మాలి పేరు లోకమంతా పాకింది. తర్వాతివాళ్లు సింహాసనం కోసం తన్నుకున్నారు, మాలి చితికిపోయింది. పాలకుడు సమర్థుడైతే సామ్రాజ్యం నిలుస్తుంది, అంతే, రాసుకోండి అనేవాణ్ణి.

"ఆ బంగారం తవ్వినోళ్లెవరు సార్?" అని మోహనప్రియ ఒకరోజు అడిగింది.

"పరీక్షలో అది రాదు లా," అని మా మలేసియా యాసలో నోరు మూయించాను.

మోహనప్రియ ఎర్రమ్మ మనవరాలు. ఎర్రమ్మ పదమూడో ఏట నుంచి ఎస్టేట్‌లో రబ్బరు పాలు తీసింది. రబ్బరు పోయి పామాయిల్ తోటలొచ్చాక నడుం వంచి రాలిన కాయలు ఏరింది. ఎస్టేట్ లైన్లు, అంటే కూలీల ఇళ్ల వరసలు, కూల్చినప్పుడు మా రామమందిరమూ పోయింది. అప్పటి మందిరం సంఘం అధ్యక్షుడు కూర్మయ్యగారు కౌలాలంపూర్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఎర్రమ్మ విగ్రహాలను చీరలో చుట్టి తన ఇంటికి తెచ్చుకుంది. పెరట్లో రేకుల పాక వేసి పదకొండేళ్లు దీపం పెట్టింది. టౌన్‌లో కొత్త మందిరం లేచాక కూర్మయ్యగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. ఆ పాకలో ఎర్రమ్మ చేతి పులిహోర తిన్నవాణ్ణి, నాకు తెలియనిదేముంది?

మందిరం పెట్టి నూరేళ్లయిందని సంఘంవాళ్లు తెలుగులో చరిత్ర రాయమన్నారు. పెద్ద చరిత్రకారుణ్ణి కదా, ట్యూషన్ పాఠంలాగే రాసిపారేశాను. అధ్యక్షుడికో అధ్యాయం. ముప్పై రెండో పేజీలో, "శ్రీ కూర్మయ్యగారి దూరదృష్టి వల్లనే మందిరం నిలిచింది" అన్నాను. ఎర్రమ్మ ఏ పదవిలోనూ లేదు. నా చరిత్రలో ఆమెకు చోటెక్కడ? తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పుస్తకం విడుదలైన రోజు ఎర్రమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. మా సంఘంలో తెలుగు చదవగలిగేది నలుగురం, మిగతా ముగ్గురూ పదవుల్లో ఉన్నవాళ్లే. భోజనాల దగ్గర పుస్తకం నా చేతికిచ్చింది.

"నానెక్కడున్నాను బాబూ? సూపించు."

నువ్విందులో లేవమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. సిగ్గు చంపేసింది. ముప్పై రెండో పేజీ తీసి, కూర్మయ్యగారి పేరున్న వరస మీద వేలు పెట్టాను.

"ఇదిగో. ఎర్రమ్మగారు పదకొండేళ్లు స్వామికి దీపం పెట్టి మందిరాన్ని కాపాడారు అని రాశాను."

"అంత మాట రాసినావా?" అంది. కళ్లు ఒత్తుకుని, పూజలో ఇచ్చిన ఆకులోని కుంకుమ తీసి ఆ వరస పక్కన బొట్టు పెట్టింది. తర్వాత పంక్తి పంక్తికీ వెళ్లి అందరికీ చూపించుకుంది.

నిన్న ఆదివారం మోహనప్రియ ఆ పుస్తకం పట్టుకుని ఒక్కతే వచ్చింది.

"సార్, మామ్మకి రోజూ ఇది సదివి వినిపించాలంట. నాకు తెలుగు మాటాడ్డమే సరిగ్గా రాదు లా. అక్షరాలు నేర్పండి. ముందు 'ఎ' నేర్పండి సార్, మామ్మ పేరు దాంతోనే కదా."

ఇప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను. వెధవ చెయ్యి మాత్రం కాగితం మీద 'ఎ' రాసిచ్చింది.

ఆ పిల్ల కాగితం పక్కన పెట్టుకుని, కుంకుమ బొట్టున్న వరస మీద వేలు కదుపుతూ 'ఎ' కోసం వెతికింది. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారీ వెతికి తలెత్తింది.

"నాకింకా సరిగ్గా రాలేదు సార్," అంది సిగ్గుపడుతూ.