గోడకు అవతలి మంచం

అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో తెలుగువాళ్ళు పరుపు కొనాలన్నా, ఇండియాకి టికెట్లు బుక్ చేయాలన్నా ముందు నరసింహకి ఫోన్ చేస్తారు. డేటాబేస్ ఉద్యోగం అతనికి జీతం ఇస్తుంది గానీ, పేరు తెచ్చింది మాత్రం ‘డీల్స్’ అనే వాట్సాప్ గ్రూపు. ఎక్కడ ఏది చవకో అందులో పెడతాడు. నచ్చకపోతే ఎలా వాపసు ఇవ్వాలో కూడా చెబుతాడు. ఏళ్ళ తరబడి వాడిన రైస్ కుక్కర్‌ని తిరిగి ఇచ్చేసి డబ్బు తెచ్చుకున్న సంగతి ఇప్పటికీ పార్టీల్లో చెప్పుకుంటారు. మెత్తని మనిషి. బాత్రూంలో సాలీడు కనిపిస్తే కాగితం మీదకి ఎక్కించి, పెరట్లో వదిలి వస్తాడు.

అలాంటి మనిషి ఇంటికి రైఫిల్ వచ్చింది.

ఆ దసరాకి వాళ్ళ వీధిలో రెండిళ్ళు దోచారు. రెండూ తెలుగువాళ్ళవే. అందరూ గుడికి వెళ్ళిన వేళ చూసి వచ్చారు. టీవీలూ లాప్‌టాపులూ ముట్టుకోలేదు, బంగారం మాత్రం తీసుకుపోయారు. ఆ రెండిళ్ళ తర్వాతది నరసింహ ఇల్లే.

“మనకి రైఫిల్ ఏంటండీ? సాలీడుకి కూడా లిఫ్ట్ ఇచ్చే మనిషి మీరు,” అంది అతని భార్య జయంతి.

“నేర్చుకుంటాలే. సిటిజన్‌షిప్ వచ్చిందిగా, లీగలే.”

“ఓటు వెయ్యడానికి వచ్చిందనుకున్నా.”

రైఫిల్ ఒక్క పూటలో కొన్నాడు గానీ, తూటాలు ఏవి కొనాలన్నది అంత త్వరగా తేలలేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆఫీసు పనిలాగే చదివాడు. ఇంట్లో ఉంచుకోవడానికి చేసినవి తగిలిన చోటే విచ్చుకుంటాయి, అంత దూరం పోవు. వాటికి ధర ఎక్కువ. ఉక్కుతో చేసిన చవక రకం విచ్చుకోదు, అడ్డం వచ్చినదాన్ని దూసుకుని అవతలికి పోతుంది. ఇదంతా అతను చదివాడు, అర్థం చేసుకున్నాడు కూడా. చివరికి తూటా ఒక్కింటికి ఎంత పడుతుందో లెక్క వేసుకుని, చవకవి ఒక పెద్ద పెట్టెడు తెప్పించాడు.

వాటితో సాధన చేద్దామని ఒక శనివారం రఘుని వెంటబెట్టుకుని షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాడు. రఘు ఆఫీసులో అతనికంటే జూనియర్. పక్క వీధిలోనే ఉంటాడు. అతనికి కొత్తగా బాబు పుట్టాడు. రేంజ్ గుమ్మం దగ్గర కాపలా మనిషి చిన్న అయస్కాంతం తీసి నరసింహ తూటాలకి ఆనించాడు. టక్కున అతుక్కుంది. ఇవి లోపలికి కుదరవనీ, గురి బోర్డుల వెనక ఉన్న ఇనప గోడని పాడు చేస్తాయనీ చెప్పి పెట్టె మూసేశాడు. అక్కడ అమ్మేవే కొనుక్కుని కాల్చి రావలసి వచ్చింది.

కార్‌లో రఘు నవ్వు ఆపుకోలేకపోయాడు. “అన్నా, డీల్స్ గ్రూప్ పరువు మొత్తం తీసినవ్ కదనే!”

“వేస్ట్ ఏం కాదులే. ప్రాక్టీస్‌కి వేరేవి కొంటా. ఇవి ఇంట్లో ఉంటాయి. దొంగ మాగ్నెట్ పట్టుకుని వస్తాడా ఏంటి?”

అలా రేంజ్ వద్దన్న తూటాలు పడకగది అల్మరాలో రైఫిల్‌లోకి చేరాయి.

జయంతికి ఆ సంగతి తెలిసిన రోజు ఆమె భర్త చెయ్యి పట్టుకుని పడకగది గోడ దగ్గరికి తీసుకెళ్ళి, వేంకటేశ్వరస్వామి పటం పక్కన వేలి కణుపుతో కొట్టింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వినిపించింది.

“ఈ పటానికి మేకు కొట్టినప్పుడు గుర్తుందా? అటు గదిలో మన నైనిక మంచం పైన మొన తేలింది. మేకునే ఆపలేని గోడ ఇది.”

“నేను గోడని కాలుస్తానా జయంతీ? దొంగనేగా.”

“దొంగ వెనక ఏముంటుంది? గోడేగా.”

నరసింహ నవ్వేశాడు. జయంతి నవ్వలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం జయంతి సరుకులకి వెళ్ళింది. కూతురు నైనిక కూచిపూడి రిహార్సల్లో ఉంది. పదిహేనేళ్ళ పిల్ల, సాయంత్రం దాకా రానని చెప్పి వెళ్ళింది. నరసింహ ఒక్కడే పడకగదిలో లాప్‌టాప్ ముందు ఉన్నాడు. గరాజ్ తలుపు కదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత మెట్ల మీద అడుగులు. గోడకి అవతల సొరుగు లాగి, మూసి, మరొకటి లాగారు.

అల్మరా తెరిచి రైఫిల్ తీశాడు. “హూ ఈజ్ దేర్?” అని అరిచాడు. జవాబు లేదు. నగలున్నది ఆ గదిలోనే. వడ్డాణం, జూకాలు, డాన్స్ నగల కింద దాచిన అసలు బంగారం. చప్పుడు గోడ వెంబడి జరిగింది. దానితోపాటే రైఫిల్ మూతీ జరిగింది. తలుపు వైపు ఉండవలసిన గురి గోడ మీదికి ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియలేదు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

అప్పుడు అవతల అడుగులు ఒక వరస పట్టాయి. తై, హత్, తై, హి. ఆగి మళ్ళీ మొదటినుంచి, నైనిక రోజూ సాధన చేసే వరసే.

నరసింహ చూసుకున్నాడు. రైఫిల్ పటానికి జానెడు పక్కన గురిపెట్టి ఉంది. దాన్ని పరుపు మీద పెట్టాడు. తూటాలు బయటికి తియ్యడం మొదలుపెట్టాడు.

“డాడీ? యు ఓకే?” చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ లాగుతూ నైనిక గుమ్మంలోకి వచ్చింది. “వడ్డాణం మర్చిపోయా. రైడ్ దొరికింది, వచ్చేశా.” పరుపు మీదకి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

జయంతి వచ్చాక అంతా చెప్పాడు. ఆమె కేకలు వేయలేదు. “రేపటికి ఇంట్లో ఏదీ ఉండకూడదు,” అంది.

రైఫిల్‌ని షాపు వాళ్ళు సగం ధరకి తీసుకున్నారు. తూటాల పెట్టె మాత్రం తోసేశారు. అమ్మిన తూటా వాపసు తీసుకోరట, ఏ షాపులోనూ. నరసింహ వాపసు ఇవ్వలేని సరుకు కొనడం అదే మొదటిసారి. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చెయ్యమంది జయంతి. సరేనన్నాడు. కానీ కొన్నవి ఊరికే పారేయడానికి చెయ్యి రాక, పెట్టె ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. ఉచితం, వచ్చి తీసుకెళ్ళండి.

రఘు పావుగంటలో వచ్చాడు.

“థాంక్స్ అన్నా. నేను గూడ రైఫిల్ తీస్కున్న మొన్ననే. దీంట్ల ప్రాబ్లం ఏం లేదు గదా?”

“రేంజ్‌లో ఒప్పుకోరు. నీకు తెలుసుగా.”

“ఇంటికేలే అన్నా.” పెట్టెని కారు డిక్కీలో పెట్టాడు. పక్కన డైపర్ల సంచి ఉంది. నరసింహ నోరు తెరిచాడు. సొంత కూతురి వైపు గురిపెట్టానని చెప్పబోయి, డిక్కీ మూత వేశాడు. రఘు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

గుమ్మంలోంచి జయంతి అడిగింది. “అదేంటండీ అతను పట్టుకెళ్ళింది?”

నరసింహ చెప్పాడు.

“వాళ్ళ ఇల్లు కట్టింది మన బిల్డరే. అదే ప్లాన్. ఉయ్యాల ఆ గోడకే వేశారు, బారసాలకి వెళ్ళినప్పుడు చూశాను. గోడ సంగతి చెప్పారా?”

అతను గబగబా ఫోన్‌లో టైప్ చేశాడు. ఇంట్లో వాడొద్దు రఘూ, గోడలు ఆపవు. వెంటనే జవాబు వచ్చింది. పైకెత్తిన బొటనవేలు బొమ్మ, అంతే. ఫోన్ చేశాడు. చాలాసేపు మోగి ఆగిపోయింది.

“డ్రైవింగ్‌లో ఉన్నాడేమో,” అన్నాడు.

“పక్క వీధికా?” జయంతి కొక్కెం నుంచి కారు తాళాలు తీసుకుంది. “పదండి. రైఫిల్ ఎటు పెట్టారో మీ నోటితోనే చెప్పాలి.”

నరసింహ చెప్పులు వేసుకోవడానికి గోడ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వెంటనే చెయ్యి తీసేశాడు.