గాజు పట్టినంత టండ్రా

పాడేరులో నేను పాఠాలు చెప్పే కాలేజీ గోడలకు ఏటా చలికాలంలో సున్నం వేస్తారు. తొట్టెలో సున్నపురాళ్ళు పోసి నీళ్ళు కుమ్మరించగానే అవి బుసబుసమని పొంగి, ఆవిరి కక్కి, ఘాటైన ఒక తడివాసన వదులుతాయి. ఆ వాసనకు మా ప్రిన్సిపాల్ గారు కళ్ళు అరమోడ్చి, "ఆహా, పెళ్ళివారిల్లులా ఉందండీ" అంటారు. నేను మాత్రం ముక్కు మూసుకుని సెలవు చీటీ రాయడానికి కూర్చుంటాను. ఆ రోజుల్లో సెలవు పెట్టడానికి నేను చంపని మేనమామ లేడు. నిజానికి మా అమ్మమ్మకు ఒక్కడే కొడుకు. ఆ ఒక్కడూ అనకాపల్లిలో నిక్షేపంగా ఉండి, పూటకు రెండుసార్లు పెసరట్టు తింటున్నాడు. అసలు కారణం సెలవు చీటీలో రాయదగ్గది కాదు. అది మా సుభద్ర మేడమ్. ఆవిడ పోయి చాలాకాలమైంది. మీరెవరూ ఆవిడను చూడలేదు కనుక, కాస్త పెద్దదిచేసి చెప్పినా నన్ను పట్టుకునేవాళ్ళు లేరు.

ఎమ్మెస్సీలో నేను ఎకాలజీ తీసుకున్నది పర్యావరణం మీద ప్రేమతో కాదు, మిగతా సబ్జెక్టులకు నా మార్కుల మీద ప్రేమ లేకపోవడం వల్ల. రెండో ఏడు ఒక ప్రత్యేక పేపరు ఉండేది. ఉత్తర ప్రాంతాల జీవావరణం. అంటే ధ్రువం చుట్టూ ఉండే టండ్రా, దానికి దిగువన సూదాకుల అడవులు, ఏడాదిలో ఎక్కువ భాగం గడ్డకట్టుకుని ఉండే నేల. మాకు అప్పటిదాకా ఉత్తరం అంటే ఇచ్ఛాపురం. అది దాటితే ఒడిశా, ఆ పైన భగవంతుడు. అలాంటి మాకు ఆ పేపరు చెప్పడానికి సుభద్ర మేడమ్ నడివేసవిలో, సముద్రపుటొడ్డు విశాఖలో, ఉన్ని శాలువా కప్పుకుని క్లాసుకు వచ్చేవారు. మా చెమటకు బెంచీల వార్నిషు కరిగి కాలువలు కట్టేది. ఆవిడ రాగానే ఫ్యాన్లన్నీ చివరిదాకా తిప్పించేవారు. కాగితాలు ఎగిరి కిటికీలోంచి పారిపోతుంటే, "టండ్రాలో గాలికి ఆగే అలవాటు లేదర్రా, రాసుకోండి" అనేవారు. రాసుకోవడానికి కాగితమేదీ?

ఒకరోజు నేను లేచి, వినయం ఒలకబోస్తూ అడిగాను.

"మేడమ్, మంచు మీరెప్పుడైనా చూశారా?"

"చూశానయ్యా సూరిబాబూ. మా ఫ్రిజ్జులో. వారానికోసారి చాకుతో గీకి పారేస్తాను కూడా."

క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. ఆవిడా నవ్వారు. తరవాత శాలువా సర్దుకుని, నా వంక చూసి నెమ్మదిగా అన్నారు: "అక్కడ చెట్టు మోకాలెత్తు ఉంటుంది నాయనా. దాని వయసు మీ తాతగారి కన్నా ఎక్కువ. ఎదగడానికి తొందరపడని చోటొకటి ఉందని తెలిస్తే నాకెందుకో ధైర్యంగా ఉంటుంది. ఒక్కసారి దాని మీద చెప్పుల్లేకుండా నిలబడాలి. అంతే." ఆ 'అంతే' అన్నప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉందో చెప్పడానికి అతిశయోక్తి ఏదీ నాకిప్పటికీ దొరకలేదు.

అసలైన టండ్రా దొరికేలోపు ఆవిడ ఒక సొంత టండ్రా చూసుకున్నారు. చింతపల్లి కొండల్లో ఒక పల్లం ఉంది. చుట్టూ కొండలు గిన్నె అంచులా లేచి ఉంటాయి. చలిగాలి జారి జారి ఆ గిన్నె అడుగున చేరుతుంది. పుష్యమాసంలో తెల్లవారేసరికి అక్కడ గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. ఆ పల్లంలో, పడుకున్న ఏనుగంత బండ ఒకటి. మేడమ్ దాన్ని దున్నపోతంత అనేవారు. రాస్తున్నది నేను కనుక ఏనుగు. దాని ఒంటి నిండా బూడిదరంగు మచ్చలు. బిరియానీలో వేసే రాతిపువ్వు తెలుసు కదా, ఈ మచ్చలు దానికి జ్ఞాతులు. లైకెన్లంటారు. వీటి దగ్గరి చుట్టాలే టండ్రాలో ధ్రువపు జింకలకు మేత. ఇవి పెరిగే వేగం ముందు మా ఊరి రిజిస్ట్రారాఫీసు కూడా రైలింజను. చలి తగ్గుతోందంటే మనకన్నా ముందు తెలిసేది వీటికే. ఆ మచ్చలు ముందుకు పాకుతున్నాయా, వెనక్కి తగ్గుతున్నాయా అని మేడమ్ తన ఉద్యోగమంతా, ఒక్క చలికాలమూ తప్పకుండా వచ్చి కొలిచారు.

కొలిచే పద్ధతి కూడా ఆవిడదే. డిపార్ట్‌మెంటులో ఉన్న ఇనుప చట్రాలు బండ వంపుల మీద కూర్చునేవి కావు. అందుకని ఆవిడ చెప్పులు విప్పి, మోకాళ్ళ మీద వంగి, చేతికున్న ఇత్తడి గాజు తీసి బండ మీద పెట్టేవారు. గాజు లోపల ఉన్నంత మేర పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి మచ్చల అంచులు గీసుకునేవారు. ముక్కు బండకు తగిలేంత దగ్గరగా వంగి, ఊపిరి తగిలి మంచు కరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టేవారు. మమ్మల్ని కూడా వరసగా బండ చుట్టూ బోర్లా పడుకోబెట్టారు. "చూడండర్రా, గాజు పట్టినంత టండ్రా" అన్నారు. నా పక్కనున్నవాడి పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడుకు కొండ మీద కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి.

అప్పుడే దిగువ పల్లె నుంచి చిలకమ్మ వచ్చింది. నెత్తి మీద కట్టెలమోపు, నోట్లో నిప్పు లోపలికి తిప్పి పెట్టిన అడ్డపొగ చుట్ట. బోర్లా పడి ఉన్న మమ్మల్ని చూసి మోపు కింద పడేసింది.

"ఏటయ్యిందమ్మా? ఎవులైనా పోనారేటి?"

"ఎవరూ పోలేదు చిలకమ్మా. చూస్తున్నారు."

"రాయినా? ఇంత సదివీ రాయిని సూత్తన్నారా? మా గుంటలు బడికెల్లకుండానే సూత్తారు!"

మేడమ్ నవ్వు ఆపుకుని, ఈ బండ మీద ధాన్యం ఆరబోయొద్దనీ, మేకల్ని ఎక్కనివ్వొద్దనీ, ఎవరూ చెప్పులతో తొక్కొద్దనీ బతిమాలారు. చిలకమ్మ బండ వైపు చూసింది, మేడమ్ ఉత్త కాళ్ళ వైపు చూసింది, బండ మీదున్న గాజు వైపు చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"మీ అమ్మోరా?"

"అలాంటిదే అనుకో" అన్నారు మేడమ్, పని తెమిలిపోతుందని. ఆ రోజు మొదలు ఆ బండ మీద కాకి వాలడానిక్కూడా పల్లె అనుమతి కావాల్సొచ్చింది.

చదువు అయ్యాక నేను ఆవిడ దగ్గరే పరిశోధనకు చేరాను. ఆవిడ రిటైర్ కావడానికి దగ్గరపడుతుండగా పిలుపొచ్చింది. ఉత్తరాన ఒక చలిదేశపు విశ్వవిద్యాలయం వాళ్ళు, మీ బండ కొలతలు పట్టుకుని వేసవికి మా దగ్గరికి రండి, మా మచ్చల పక్కన పెట్టి చూద్దాం, మిమ్మల్ని టండ్రాకు మేమే తీసుకెళ్తాం అన్నారు. ఆ చలికాలపు కొలత ఒక్కటి కలిస్తే చాలు. మేడమ్ చేసిన సన్నాహం చూడాలి. ఏనుగు దూరేంత బూట్లు కొన్నారు. చలి అలవాటు కావాలని హార్బరు దగ్గర చేపలకు ఐసు తయారుచేసే కార్ఖానాకు వెళ్ళి, లోపల స్టూలు వేసుకుని కూర్చునేవారు. కార్ఖానా ఆయన భయపడి నాకు కబురు చేశాడు. తీసుకురావడానికి వెళ్తే, మంచుదిమ్మల మధ్య, వంజరం చేపల పక్కన, కనుబొమల మీద తెల్లటి పొడితో చిరునవ్వు నవ్వుతూ కనిపించారు. "వచ్చేశాం సూరిబాబూ, దాదాపు వచ్చేశాం" అన్నారు. బస్సులో మా చుట్టుపక్కల నాలుగు సీట్లలో ఎవరూ కూర్చోలేదు, మాతో పాటు ఎక్కిన పిల్లి తప్ప.

పుష్యం రాకముందే ఆవిడకు జ్వరం వచ్చింది. ఏజెన్సీ జ్వరం, అంటే మన్యపు దోమల మలేరియా, మెదడుకెక్కింది. విశాఖ ఆసుపత్రిలో ఎవరినీ గుర్తుపట్టకుండా పడి ఉన్నారు. నేను మంచం పక్కనుంచి కదల్లేకపోయాను. చింతపల్లి వైపు వెళ్ళే జీపు డ్రైవరుతో, మేడమ్ గారికి బాగాలేదు, ఈసారికి రాలేకపోవచ్చని చిలకమ్మకు కబురు మాత్రం పంపాను. డాక్టర్లు పెదవి విరిచారు. అయినా ఆవిడ బతికారు. ఒక ఉదయం కళ్ళు తెరిచి, నన్ను గుర్తుపట్టి, మొట్టమొదట అడిగింది, "మంచు కరిగిపోయిందా?" అని.

కాళ్ళు నిలదొక్కుకోగానే బయల్దేరదీశారు. చలి వెనకబడింది కానీ మచ్చలు ఎక్కడికి పోతాయి, ఇప్పుడు కొలిచినా లెక్కలోకి వస్తుందన్నారు. జీపు ఘాటు రోడ్డు చివరి మలుపు తిరిగింది. మిట్టమధ్యాహ్నం. కింద పల్లంలో తెల్లగా, కళ్ళు జిగేలుమనేలా ఏదో మెరిసింది.

"మేడమ్, మంచు! ఎండలో మంచు!" అని అరిచాను.

ఆవిడ లేచి నిలబడ్డారు. ఆవిడ ముఖంలో ఆ క్షణం వెలిగిన వెలుగు నేను మరే మనిషి ముఖంలోనూ చూడలేదు. ఇందులో పిసరంత కూడా పెద్దదిచేసి చెప్పడం లేదు.

అది సున్నం. బండకు తలనుంచి కాళ్ళదాకా చిక్కగా పూశారు. మధ్యలో పసుపు, కుంకుమ బొట్లు. పైన ఆకుల పందిరి. జీపు ఆగేసరికి పల్లె పల్లెంతా డప్పులతో ఎదురొచ్చింది. చిలకమ్మ మేడమ్ గడ్డం పట్టుకుని ఏడ్చేసింది.

"బతికొచ్చినారు తల్లీ! మీరు మంచాన పడ్డారని తెలిసీసరికి మాకు కాలూ సెయ్యీ ఆడనేదు. అమ్మోరికి మీరు ఏటా మొక్కుతారు కదా, ఈయేడు మొక్కు తప్పిపోనాది కదా, అందుకే కోపమొచ్చీసింది అనుకున్నాం. మీ బదులు మేమే మొక్కీసినాం."

"ఏం చేశారమ్మా?" ఆవిడ గొంతు నాకే సరిగా వినపడలేదు.

"ఏటి సెయ్యనేదు, అడగండి! ఎన్నేళ్ళ మురికో, తల్లి ఒళ్ళంతా పాసి పట్టీసింది. ఆడోళ్ళందరం కూకుని కొబ్బరిపీసూ బూడిదా ఎట్టి తోమీసినాం. పోకపోతే గునపం మొనతో గీకినాం. సేతులు పుండ్లైపోనాయి. సూడండి." అందరూ అరచేతులు చాపారు. నిజంగానే పుండ్లు పడ్డాయి. "సున్నమేసిన మర్నాడే మీకు తెలివొచ్చిందని డ్రైవరు సెప్పినాడు. బాగుందా మేడమ్ గోరూ?"

నేను నోరు తెరిచాను. మేడమ్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. తరవాత వంగి చెప్పులు విప్పారు. బండ దగ్గరికి వెళ్ళి, ఎప్పటిలాగే మోకాళ్ళ మీద వంగి, గాజు తీసి ఆ తెల్లదనం మీద పెట్టారు. గాజు లోపలికి చాలాసేపు చూశారు. లేచి, కుంకుమ పెట్టుకుని, చిలకమ్మ రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

"చాలా బాగుంది చిలకమ్మా. మెరిసిపోతోంది."

పాయసం పెట్టారు. రెండోసారి కూడా అడిగి వేయించుకుని తిన్నారు.

తిరుగుదారిలో జీపు కాఫీతోటలు దాటింది. నేనే ఆగలేక అన్నాను.

"పాత కొలతలన్నీ ఉన్నాయి కదా మేడమ్. వాటితోనే వెళ్ళండి. టండ్రా చూసి రండి."

"ఈ యేడు కొలత ఏదీ అని అడుగుతారు నాయనా. బండకు ఏమైందంటారు. చెప్పాలి. చెబితే అచ్చులో వేస్తారు, ఫలానా కొండల్లో ఫలానా పల్లెవాళ్ళు తెలియక పాడుచేశారు అని." కిటికీలోంచి బయటికి చూశారు. "ఆ అరచేతుల మాట ఏ పట్టికలో వేస్తారు?"

"మరి వీళ్ళకైనా చెప్పొద్దా?"

"ఏమని చెబుతావు? నన్ను బతికించుకున్నామనుకుంటున్నారు. కాదు, చంపారు అని చెబుతావా? వద్దు సూరిబాబూ. నోరెత్తకు."

ఆరోగ్యం బాగాలేదు, రాలేనని ఆ చలిదేశానికి రాసేశారు. ఆ ఏనుగు బూట్లు వాచ్‌మన్‌కు ఇచ్చేశారు. అతను వాటిలో చాలాకాలం గొడుగులు పెట్టుకున్నాడు. రిటైరయ్యాక కొన్నేళ్ళు బతికారు కానీ, ఫ్యాన్ తిప్పమనడం మానేశారు. వేసవిలో కూడా తలుపులు బిగించుకుని కూర్చునేవారు. చూడ్డానికి వెళ్తే మంచు గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడేవారు. నా జోకులకు మర్యాదగా నవ్వేవారు. మర్యాదగా నవ్వితే జోకు చచ్చిపోతుందని నాకు అప్పుడు తెలిసింది. చివరిసారి వెళ్ళినప్పుడు గాజు తీసి నా చేతిలో పెట్టారు. నా లావు చేతికి అది వేళ్ళు దాటి ఎక్కదు. అందుకని చొక్కా జేబులో ఉంటుంది.

సున్నం వాసన పడక, మేనమామను చంపి, నేను పారిపోయేది ఎక్కడికో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఆ సున్నం దగ్గరికే. నిన్న కూడా వెళ్ళాను. పల్లం అంచున ఇప్పుడు చలి చూడ్డానికొచ్చే కార్ల బారు, నూడుల్స్ బళ్ళు. మంచు మాత్రం సరిగా పడటం లేదు. ఎందుకు పడటం లేదో, ఎప్పటినుంచి తగ్గిందో చెప్పగలిగిన సాక్షి ఒక్కటుండేది, దాని నోట సున్నం కొట్టాం. చెప్పులు విప్పి, నా బొజ్జ అనుమతించినంత వంగి, గాజు పెట్టి చూశాను. ఒక మూల బూడిదరంగు చుక్క! వేలితో తాకాను. వేలికి అంటుకుంది. అగరొత్తి నుసి.

"ఏటి సూత్తన్నారు సారూ?" చిలకమ్మ వెనకనుంచి అడిగింది. ముసలిదైపోయింది, చుట్ట మాత్రం అదే. "మేడమ్ గోరు కూడా ఇలాగే వంగి సూసీవోరు. ఆవిడికి ఏటి కనపడీదో ఎప్పుడూ సెప్పనేదు."

"నాకూ చెప్పలేదు చిలకమ్మా."

ఆమె నా వేలి మీది నుసి చూసింది. ఆ మరక అమ్మవారి మీద ఉండిపోయినందుకు సిగ్గుపడిపోయి, కొంగు ఉమ్మితో తడిపి, గాజు లోపలి తెల్లదనాన్ని గట్టిగా, ప్రేమగా తుడిచింది.

"ఈయేడు సున్నం పలసబడిపోనాది సారూ, ఏటీ అనుకోకండి" అంది. "వచ్చేయేటికి రెండు పూతలేత్తాం."

గాజు తీసుకుని జేబులో వేసుకున్నాను. బాగుంటుందన్నాను.