టేపు రెండవ కొస

ఆత్మారాంకు ఉన్న చాదస్తం ఒక్కటే: కంటబడిన ప్రతి గోడకూ రోడ్డుకూ మధ్య దూరం కొలవడం. నక్షాలు గీసే ఉద్యోగం నుంచి ఆయన విరమించి తొమ్మిదేళ్లయినా, చేతిసంచిలోని టేపు విరమించలేదు. టేపుకు రెండు కొసలుంటాయి. ఒకటి ఆయనది, రెండవది చిక్కినవాడిది. అందువల్ల ఆయన వీధి మలుపు తిరగగానే బోధన్‌లో సగం మందికి అత్యవసరమైన పనులు గుర్తుకు వచ్చేవి.

ఒక పెళ్లిలో శామియానా రోడ్డు మీదికి ఎంత వచ్చిందో తేల్చవలసిందేనన్నాడు. జనమంతా భోజనాల వైపు తప్పుకున్నారు. కదలడానికి వీల్లేనివాడు పెళ్లికొడుకొక్కడే. బాసింగంతో సహా అతడే కొస పట్టుకున్నాడు.

“ముహూర్తం పోతున్నదయ్యా!” అని పురోహితుడు మొత్తుకున్నాడు.

“ముహూర్తం మల్ల వస్తది పంతులూ. ఫైరింజన్ గీ సందులకు రాదు!”

కొలతతో ఆగినా సహించేవాణ్ణి. కొన్ని కొలతలను కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇంటివారి చేతా ఇద్దరు సాక్షుల చేతా సంతకాలు పెట్టించి, ఆ కాగితాలు తెచ్చి నాకు అప్పగించేవాడు.

“నీ బీరువల పెట్టన్నా. మా ఇంట్ల చెదలున్నయి.”

ముప్పై ఏళ్ల నాటి కరెంటు బిల్లు కూడా పారేయని నాకే ఇది అతి అనిపించింది.

బస్టాండు దారిలో ఈరవ్వది రెండు గదుల ఇల్లు. ముందుగది మిర్చిబజ్జీల కొట్టు. వెనుక గదిలో ఆమె, కోడలు జ్యోతిరాణి. మూడేళ్లలో ఆ కొట్టు గోడకూ రోడ్డుకూ మధ్య దూరాన్ని ఆత్మారాం పదకొండు సార్లు కొలిచాడు.

“మల్లచ్చినవా? పోయిన నెలకెల్లి నా గోడేమన్న నడిసిందా?”

“గోడ నడువదవ్వా. రోడ్డు నడుస్తది.”

“సంతకం పెడ్త గని, బజ్జీలు తిని పో. సంపకు!”

చివరికి రోడ్డే నడిచింది. వెడల్పు పనుల్లో ముందుగది పోతుందని తేలగానే, ఇటుకలూ తలుపులూ దక్కుతాయన్న ఆశతో ఈరవ్వ అధికారుల కొలతలకు ముందే దానిని కూలగొట్టించుకుంది. రోడ్డుకు ఉచితంగా జాగా వదిలినవారు, వదిలినదాన్ని బట్టి, పైన ఒక అంతస్తు అదనంగా వేసుకోవచ్చని నియమం. అది దక్కితే కాపురం పైకి, కొట్టు కిందికి. లేదంటే కొట్టే లేదు.

“ఈడ గది ఉండెనని రుజువేందవ్వా?” అన్నాడు కొలతలకు వచ్చిన అధికారి. న్యాయమైన ప్రశ్నే. అక్కడున్నది మట్టి.

ఆ సాయంత్రం ఆత్మారాం టేపు లేకుండా మా గడప తొక్కాడు. “అన్నా, బీరువ తియ్యి.”

పదకొండు కాగితాలు. పదకొండు తేదీలు. కొలత ఒక్కటే. ప్రతిదాని కింద ఈరవ్వ విసుగుతో గీకిన సంతకం. మిగతావీ తిరగేశాను. అన్నీ రోడ్డు పడబోయే దారుల్లోని చిన్న ఇళ్లవే. ఒక్క బంగ్లా లేదు.

“పెద్దోళ్లకు వకీళ్లున్నరు గదన్నా,” అన్నాడు, నేల చూపులు చూస్తూ.

నియమం మీరినవాడు పెద్దమనిషి, చదివినవాడు పిచ్చివాడు! ఇదీ మన ఊరి న్యాయం. అందులో నేనూ భాగస్వామినేనని ఆ రోజు తెలిసింది.

ఆ కాగితాల బలంతో అనుమతి వచ్చింది. పై అంతస్తు గృహప్రవేశం నాడు భోజనాలు ముగియగానే ఆత్మారాం సంచిలో చేయి పెట్టాడు. అతిథులు మెల్లగా మెట్ల వైపు జరిగారు. వారిలో నేనూ ఉన్నాను.

ఈరవ్వ కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చి, టేపు రెండవ కొస అందుకుంది.

“గట్టిగ గుంజు. అంగుళం తక్కువ రాసినవో, బజ్జీలు బంద్!”