పద్నాలుగో బొమ్మ

1988 ఫిబ్రవరి 13, శనివారం. ఖమ్మంలో ఆరుంబావుకు బయలుదేరాల్సిన భద్రాచలం బస్సు ఆరూ ముప్ఫై ఎనిమిదికి కదిలింది. టికెట్ పద్దెనిమిది రూపాయలు.

ప్రయాణం ఒక సంతకం కోసం. సోమయ్య నా దగ్గర ఏడో తరగతి లెక్కలు చదివాడు. చదివాడని నేనంటున్నాను, మార్కులు అనవు. ఖమ్మం సినిమా హాళ్లకు బోర్డులు రాయడంతో మొదలై, విదేశాల్లో ప్రదర్శనలు పెట్టేదాకా వెళ్లాడు. ఇప్పుడు భద్రాచలంలో ఇల్లు కిరాయికి తీసుకుని, చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితాల మీద అచ్చు తీస్తున్నాడు. సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ నన్ను చెక్కి, మొదటి అచ్చు పోస్టులో పంపాడు. కింద సంతకం లేదు. పేరు లేని పేపరు నేనెన్నడూ తీసుకోలేదు.

టేకులపల్లి దగ్గర అడవి చిక్కబడింది. పక్క సీట్లోని సారపాక కాగితం మిల్లు కార్మికుడు నా ఒళ్లో అట్టగొట్టం చూసి, "ఏందవ్వా, తుపాకా? ముంగట చెకింగ్ ఉంటది" అన్నాడు.

"నా బొమ్మ."

"అయితే ఇంకా డేంజరే!"

కొత్తగూడెంలో బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఇడ్లీ తినొచ్చు, చట్నీ జోలికి పోవద్దు.

పదీ నలభైకి గోదావరి వంతెన దాటాం. సోమయ్య ఇంట్లో అదే నా బొమ్మ అచ్చులు వరుసగా పరిచి ఉన్నాయి. ప్రతిదాని కిందా సంతకం, నంబరు. సరిగ్గా ఇరవై ఇస్తానని, అంతకు మించి తీయనని హైదరాబాదు గ్యాలరీకి మాటిచ్చాడట. అందుకే ఇక మంచి అచ్చు రాకుండా పొద్దున్నే చెక్క మీద ఉలితో ఇంటూ గుర్తు గీసి కొట్టేశాడు. రెండింటి బస్సుకు పార్శిల్ పోవాలి, సోమవారం ప్రదర్శన.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. "ఒరేయ్, పదమూడు పక్కన పదిహేనుంది. పద్నాలుగేదిరా?"

సోమయ్య రెండుసార్లు లెక్కపెట్టి, చాప మీద కూలబడ్డాడు. "పందొమ్మిదే ఉన్నయ్ టీచరమ్మా. జల్దీల ఒక నంబరు దుంకిన. ఇరవై అని మాటిస్తి, పరువు పాయె."

"ఏడో తరగతిల గూడ గిట్లనే దుంకేటోడివి."

వాడి చూపు నా గొట్టం మీద పడి, పక్కకు తప్పుకుంది. "అది మీది. నేనడగ."

నా ముఖం ఉన్న కాగితం నా దగ్గర అదొక్కటే. పెళ్లినాటి ఫోటోకు ఎప్పుడో చెద పట్టింది. గొట్టం మూత తీశాను.

"సంతకం కోసమే వచ్చిన. పెట్టు. పక్కన పద్నాలుగు గూడ వెయ్యి."

పార్శిల్ వెళ్లింది. మూడుంబావు బస్సు నేనెక్కేలోగా సోమయ్య రెండు అట్టల మధ్య ఏదో తెచ్చాడు. కొట్టేసిన చెక్కతో తీసిన అచ్చు. అలాంటిది లెక్కలోకి రాదట. నా ముఖం మీదుగా ఇంటూ గుర్తు, వాడి నోటుబుక్కులో నేను వేసినవాటంత తిన్నగా ఉంది. అడగకుండానే సంతకం పెట్టాడు.

"నంబరేదిరా?"

"గిది ఒక్కటే టీచరమ్మా. ఒకటి దాంక లెక్క నాకొస్తది."

సిరా ఆరాలని దాన్ని ఖమ్మం దాకా ఒళ్లో పళ్లెంలా పట్టుకుని కూర్చున్నాను. పాల్వంచలో ఎక్కిన ఒకామె తొంగి చూసింది. "ఎవరవ్వా? గట్ల కొట్టేసిన్రేంది?"

"నేనే" అన్నాను. "నా పిల్లగాడు దిద్దిండు."