రాహేలమ్మ గారి చీనా తల్లి

మొన్న ఆదివారం ఉదయం పాలు పోసే ఆమె చెంబు దించకుండానే "నర్సమ్మ పోయింది పంతులూ" అన్నది. ఏ నర్సమ్మ అని అడిగాను. కోదాడకు నర్సమ్మ ఒక్కతే అని తెలిసీ అడిగాను. ముందురోజు సాయంత్రమే నా దగ్గును వెక్కిరించి, మిరియాల కషాయం తాగమని గద్దించిన మనిషి! నిద్రలోనే ప్రాణం విడిచారట.

శ్రీమతి రాహేలమ్మ గారు మా ఊరి దవాఖానలో నర్సుగా పురుళ్లు పోసిన పుణ్యమూర్తి. నేను పక్కనున్న బడిలో తెలుగు పండితుణ్ణి. ఆమెది క్రైస్తవ కుటుంబం, నాది వైదిక కుటుంబం. మా మైత్రికి మూలం ఒక బొమ్మ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆమె తమ్ముడు రంగూను నుంచి జానెడు కొయ్యప్రతిమ తెచ్చాడు. ఒడిలో శిశువుతో కూర్చున్న స్త్రీమూర్తి. పసుపు వన్నె కొయ్య, అలల్లా జారే వస్త్రపు మడతలు, ఎవరి మాటో ఆలకిస్తున్నట్టు కాస్త ఒరిగిన శిరస్సు, పెదవులపై మందహాసం. అతడు మరియమ్మ అనుకొని కొన్నాడు. కన్నులు చూస్తే చీనా శిల్పి పనితనం.

"ఈమె ఎవరు పంతులుగారూ? జర చెప్పుండ్రి" అని రాహేలమ్మ గారు అడిగారు.

నేను పాండిత్యం ఒలకబోశాను. "బౌద్ధుల అవలోకితేశ్వరుడమ్మా. లోకుల ఆర్తనాదం వినే కరుణామూర్తి. మన దేశం నుంచి చీనాకు వెళ్లాక అక్కడివాళ్లు స్త్రీరూపంలో కొలుస్తున్నారు."

"మగాయన ఆడామె అయిండా!" అని పకపకా నవ్వారు. "మంచిపని చేసిండు. లేకుంటే కాన్పుగదిలకు ఎవరు రానిస్తరు?"

ఆనాటి నుంచి పురుటిగది గూట్లో ఆ తల్లి కొలువైంది.

ఒకరోజు ప్రతిమ మాయమైంది. చిలుకూరు నుంచి గర్భిణీ పరీక్షకు వచ్చిన మల్లమ్మ కొంగులో దాచుకుపోయిందని ఆయా చెప్పింది. నేను మండిపడి, బండి కట్టించి, రాహేలమ్మ గారితో బయలుదేరాను. మల్లమ్మ ఇంటి గూట్లో పసుపు కుంకుమలతో ఉన్నది బొమ్మ! ఆ నిండు చూలాలు దాన్ని తీసి మా ముందు పెట్టింది.

"ఇద్దరు పిల్లలు పురిట్లనే పోయిండ్రు నర్సమ్మా. గీ తల్లి ఉంటే ఈ బిడ్డన్న దక్కుతదనుకున్న."

రాహేలమ్మ గారు బొమ్మను తిరిగి గూట్లో పెట్టారు. "ఉండనీ. ఈమె నీ గోడు ఇంటది. కానీ కొయ్యచేతులు గదా, బిడ్డను పట్టుకోవు. నొప్పులు రాంగనే నా దగ్గరికి రావాలె. వస్తవా?"

"వస్త నర్సమ్మా."

తిరుగుదారిలో, తమ్ముడు తెచ్చిన వస్తువు కదా అని నసిగాను. "ఆమె నన్ను నమ్మాలె పంతులుగారూ," అన్నారు. "నమ్మితేనే దవాఖానకు వస్తది."

మల్లమ్మ వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. తెల్లవారినప్పటి నుంచి పొద్దువాలే దాకా రాహేలమ్మ గారు గది వదలలేదు. బయట మల్లమ్మ భర్త పక్కన కూర్చొని, వచ్చిన స్తోత్రాలన్నీ చదివాను. చివరికి ఏడుపు వినబడింది. ఆమె చెమటతో తడిసిన ముఖంతో తలుపు తెరిచారు.

"ఆడపిల్ల! గొంతు సూడుండ్రి, సూర్యాపేట దాక ఇనబడతది!"

ఇంటికి పోయేనాడు మల్లమ్మ ఆగింది. "మా వాడకట్టుల ఇంకో ఇద్దరు చూలాండ్రున్నరు నర్సమ్మా..."

"అయితే ఆ చీనా తల్లిని గాడనే ఉంచు. వాళ్లను గీడికి పంపు."

అప్పటి నుంచి చిలుకూరు బండ్లు మా దవాఖాన ముందు ఆగుతూనే ఉన్నాయి. ఇక అక్కడ దిగేవారికి ఎదురొచ్చే ఆ నవ్వు లేదు. ఎవరు వచ్చినా ఆ లోటు తీరేది కాదు.

సమాధి దగ్గర ప్రార్థన సాగుతుండగా ఒక పసికందు పాలకు గుక్కపట్టింది. తల్లి కన్నీళ్లలో గమనించలేదు. వెనక నుంచి ఒక ముసలమ్మ కసిరింది: "ముందు పాలియ్యే పిల్లా! నర్సమ్మ సూస్తే తిడతది!"

అందరం ఏడుస్తూనే నవ్వాం. ఫాదరుగారూ నవ్వారు. బిడ్డ కడుపు నిండేదాకా పుస్తకం మూసి నిలబడ్డారు. ఆ మహనీయురాలికి అంతకు మించిన అంజలి నేనెరుగను.