మినుము తొక్కని పరుగు

మా ఊళ్ళో ఆడపిల్ల పరిగెడుతూ కనపడితే ఎవరో తరుముతున్నారనుకుంటారు. కంకిపాడు దాటాక లోపలికి రావాలి మా ఊరికి. డిగ్రీ ఆఖరి ఏడాది నేను తెల్లారగట్ల కాలవగట్టు మీద పరుగు మొదలుపెట్టినప్పుడు, పాలక్యాన్లతో పోయే పెద్దమనిషి ఒకాయన బండి ఆపి, "ఏమైందమ్మా, ఇంట్లో ఏమన్నా గొడవా?" అని అడిగాడు. ప్రాక్టీసండీ అన్నాను. మర్నాడూ ఆపి అడిగాడు. ఆ తర్వాత నన్ను అడగడం మానేసి మా అమ్మ వంక జాలిగా చూడ్డం మొదలుపెట్టాడు.

అమ్మ కూలికి పోతుంది. నాట్లు, కలుపు, ఆ తర్వాత మినుము పీకుడు. నా పరుగు గురించి ఆవిడకి తెలిసిందల్లా ఒక్కటే. కాలేజీలన్నీ కలిసి పెట్టే క్రాస్ కంట్రీలో, అంటే గట్లూ డొంకలూ దాటుకుంటూ పోయే పరుగుపందెంలో, మొదటి ఆరుగురిలో ఉంటే యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారు. జట్టు సర్టిఫికెట్టుంటే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా. "నా కాళ్ళు ఎట్టాగూ బురదలోనే పోతయ్యి. నీ కాళ్ళకి బూట్లు చూడాలే" అనేది. రోజూ నాకొక కోడిగుడ్డు ఉడకబెట్టి, తను చారు పోసుకుని తినేది. ఆ గుడ్డు మింగడం నాకు పరుగుకన్నా కష్టంగా ఉండేది.

కాలేజీలో ఆటలు చూసుకునే పీడీ గారు పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. కానీ చెప్పడం బాగా చెప్పేవారు. "మొదట్లో నీ ముందు ఎవరు పోయినా పోనీమ్మా. నీ ఊపిరి నీ చేతిలో ఉంచుకో. సగం దాటాక ఒక్కొక్కళ్ళనే ఏరుకో." బురదలో అంగలు చిన్నవి వెయ్యమనేవారు. చూపు పాదాల దగ్గర కాకుండా కాస్త ముందుండాలనేవారు. ఇదంతా మా కాలేజీలో బెజవాడ పిల్లలు కష్టపడి నేర్చుకున్నారు. నాకు గట్ల మీద నడిచే అలవాటు పుట్టుకతో వచ్చింది కాబట్టి సులువుగానే ఒంటబట్టింది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మా వైపు వరి కోతకి కాస్త ముందే, నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి వరి మోళ్ళ మధ్య మొలకలు లేస్తాయి. దూరం నుంచి చూస్తే ఖాళీ చేనే. వంగి చూస్తేనే రెండేసి ఆకులు కనపడతాయి. చిన్నప్పుడోసారి బడికి ఆలస్యమైందని అలాంటి చేలోంచి అడ్డంపడి పోయాను. అమ్మ చేస్తున్న పని వదిలేసి వచ్చి నా పిక్క మీద చెళ్ళున కొట్టింది. "అన్నం తింటన్నావా, గడ్డి తింటన్నావా? మొలక మీద కాలేస్తారటే ఎవరన్నా?" ఆ చేను మాది కాదు. మాకు సెంటు భూమి లేదు. అయినా మళ్ళీ ఎప్పుడూ మొలక మీద నేను కాలు పెట్టలేదు.

పోటీ ఉయ్యూరు అవతల ఒక కాలేజీ గ్రౌండులో. ముందురోజే వెళ్ళి రూటు నడిచి చూసుకోవాలన్నారు పీడీ గారు. వెళ్తే అక్కడ జెండాలే పాతలేదు. పోటీ రోజు పొద్దున్నే పాతారట. ముఖ్య అతిథి గారు వచ్చేదాకా అందరం ఎండలో నిలబడ్డాం. ఆయన వచ్చి, పరుగు ఆరోగ్యానికి మంచిదని కుర్చీలో కూర్చునే చెప్పారు. తర్వాత నిర్వాహకుడు మైకులో, "జెండాల వెంట పోవడమేనమ్మా, ఇంకేం లేదు" అన్నాడు.

విజిలు ఊదగానే అందరూ బస్సు తప్పిపోతున్నట్టు ఉరికారు. నేను ఉరకలేదు. కాలవగట్టు ఎక్కేసరికి నా ముందు పెద్ద గుంపుంది. డొంక దారిలో దుమ్ము తిన్నాను. సగం దాటాక ఏరుకోవడం మొదలుపెట్టాను. ముందు ఒగరుస్తున్న ఇద్దరిని, తర్వాత డొక్క పట్టుకున్న ఒకమ్మాయిని. తూము దాటేసరికి నా ముందు ఎవరూ లేరు. ఆ కాసేపూ నేనెంత బాగా పరిగెత్తానో ఇప్పటికీ నా ఒంటికి తెలుసు. ఊపిరి నేను చెప్పినట్టు వింది. నా బతుకులో నాకు నేను నచ్చింది ఆ కాసేపే.

అప్పుడు చేను వచ్చింది. ఇవతల గట్టు మీద ఒక జెండా, అవతల గట్టు మీద ఒక జెండా, మధ్యలో కోసేసిన వరి. మోళ్ళ మధ్య పచ్చగా రెండాకుల మినుము. నేను ఆలోచించలేదు. ఆలోచించే పనే అయితే ఏం చేసేదాన్నో తెలియదు. కాళ్ళు వాటంతటవే గట్టు మీదకి తిరిగాయి. మూల దాకా పోయి మలుపు తిరుగుతుంటే వెనకవాళ్ళు చేలోకి దిగి అడ్డంగా పోవడం కనపడింది. రైతు కాబోలు, తువ్వాలు ఊపుతూ ఒకాయన అరుస్తున్నాడు. గట్టు దిగేసరికి చాలామందే నన్ను దాటిపోయారు. ఏడుపు మింగుకుని పరిగెత్తాను. మళ్ళీ ఒక్కొక్కళ్ళనే పట్టుకుని నాలుగోదాన్నై వచ్చాను. అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తి నాలుగో స్థానం.

పేర్లు చదివారు. నా పేరు లేదు.

"నువ్వు రూటు వదిలేశావమ్మా" అన్నాడు నిర్వాహకుడు. "ఎవరు చుట్టూ తిరిగి పొమ్మన్నారు నిన్ను?"

"చేనుందండీ మధ్యలో."

"కోసేసిన చేనేగా?"

"మినుము మొలిచిందండీ."

"మినుమా? ఎక్కడ?" అని ఆయన నా ముఖంలోకి చూశాడు, మినుము అక్కడే మొలిచినట్టు. పీడీ గారు నా పక్కనే నిలబడి, "రూలు రూలే కదమ్మా" అన్నారు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఈలోగా తువ్వాలాయన తగాదాకి వచ్చాడు. ఆయన్ని ముఖ్య అతిథి పక్కన కూర్చోబెట్టి కూల్ డ్రింకు ఇచ్చారు. తాగి వెళ్ళిపోయాడు. నాకు ఆ కూల్ డ్రింకు కూడా లేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆవిడైనా మెచ్చుకుంటుందనుకున్నాను. అంతా విని, చేతిలో గిన్నె కింద పడేసింది.

"తొక్కెయ్యకపోయావటే?"

"నువ్వేగా కొట్టి నేర్పింది!"

"ఎవరి మినుమే అది? మనదా? తొక్కెయ్యాల్సింది. అందరూ తొక్కలా?" అని ముఖం కొంగులో పెట్టుకుని ఏడ్చింది. నన్ను కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

మర్నాడు అమ్మ పనికి లేటుగా బయల్దేరింది. క్యారేజీ మర్చిపోతే ఇవ్వడానికి వెనకాలే వెళ్ళాను. దూరంగా కూలి ముఠా ఆడవాళ్ళు రమ్మని కేకలేస్తున్నారు. ఆలస్యమైతే మేస్త్రి వెనక్కి పంపేస్తాడు. మధ్యలో ఒక చేను, మోళ్ళ నిండా మొలకలు. అమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గట్టెక్కి, చుట్టూ తిరిగి పరిగెత్తడం మొదలుపెట్టింది.

"తొక్కెయ్యవే అమ్మా!" అని గొంతు చించుకుని అరిచాను.

వెనక్కి తిరిగి చూసింది. వినపడింది ఆవిడకి. గట్టు మీదే పరిగెత్తింది.