పడిందా అని అడిగారు

కెలమంగలం తిమ్మక్కకు లోకం మీద కంటే సొంతవాళ్ల మీదే విసుగెక్కువ. ముప్పై ఏళ్లుగా పట్టుపురుగులు పెంచుతోంది. ఏ తట్టలో పురుగు మేత మానేసిందో గుమ్మంలోంచే పసిగడుతుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం ఒక్క మాట తిన్నగా తలకెక్కించలేదు.

ఏడో నెల నడుస్తున్న కోడలు పరిమళకు హోసూరులో స్కాన్ తీసి, కడుపులో బిడ్డ మెదడులో నెత్తురు కారిందన్నారు. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. మెదడు లోపలి నీటిగదుల్లోకి నెత్తురు చేరింది, గదులింకా ఉబ్బలేదు కాబట్టి గ్రేడ్ రెండు. ఉబ్బితే మూడు, చుట్టూ ఉన్న మెదడులోకి పాకితే నాలుగు. వారంలో మళ్లీ చూడాలి.

ఇంత చెబితే ఎవరి చెవికెక్కింది? తిమ్మక్క మొగుడు రంగప్ప సూళగిరి రోడ్డు గుంతలను తిట్టాడు. ఆడబిడ్డ మారెమ్మ, గ్రహణం పూట పరిమళ వంకాయలు తరిగిందని తేల్చేసింది. కొడుకు శరవణన్ నాలుగులో రెండంటే సగమే కదా అని లెక్క కట్టాడు. తిమ్మక్కకు ఒళ్లు మండింది. నోరుంటే తల కాస్తుందంటారు. వీళ్ల నోళ్లు ఎవరి తలా కాసేవి కావు.

డాక్టరమ్మకు కావలసింది ఒకటే: పడిందా, దెబ్బ తగిలిందా? రెండుసార్లు అడిగింది. అందరూ లేదన్నారు. పరిమళ అత్త వైపు చూసి తల దించుకుంది.

పురుగులు ఆఖరి మేతలో ఉండగా ఇంట్లో చెడుమాట పలకకూడదని తిమ్మక్క పట్టింపు. పలికితే అవి పట్టుగూడు కట్టవట. అందరి మీదా వచ్చిన విసుగు తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది.

"పడింది, డాక్టరమ్మా. పై తట్టకు ఆకు వేయమని నేనే స్టూలెక్కించినాను. గూళ్లు మార్కెట్టుకు పోయేదాకా ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను."

దానివల్లే అని ఇప్పుడే చెప్పలేమని, నెత్తురు పరీక్షలూ చేయాలని చెప్పి డాక్టరమ్మ పడిన తేదీ రాసుకుంది. పడిన రోజే వచ్చి ఉండాల్సిందని మాత్రం అంది.

పరిమళ పడిన విడత గూళ్లు అప్పటికే ఎన్నడూ లేనంత గట్టిగా వచ్చాయి. బస్టాండులో ఆ సంగతి తలచుకుని తిమ్మక్క పరిమళ వైపు తిరిగింది. ఇంకేమన్నా దాచినావా అని కోడలిని అడిగింది.

"పడిన పొద్దు సాయంత్రం దాకా బిడ్డ కదల్లేదత్తా," అంది పరిమళ. "పురుగులు మేస్తున్నాయి కదా, చెప్పలేదు."